‘చూద్దాం’ అన్నవారిని తేదీ అడగండి

పక్క గదిలో ఫోనులో ఒక ప్రకటన పాట మొదలైతే చాలు, మా చిన్నవాడు ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేవాడు. అదే గదిలో వెనకాల నిలబడి పేరు పెట్టి పిలిస్తే మాత్రం తల తిప్పేవాడు కాదు. అప్పటికి వాడికి 20 నెలలు. పాట వినిపిస్తోంది కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని మాకు మేమే తేల్చేసుకున్నాం. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమేరా, నీకూ మూడేళ్లకు గానీ రాలేదు’ అని మా అమ్మ ధైర్యం చెప్పింది. పిల్లల డాక్టరు ‘కొన్నాళ్లు చూద్దాం’ అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని పదకొండు నెలలు కూర్చున్నాం. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. ఆ పదకొండు నెలలు తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మీ బిడ్డ విషయంలో ఆటిజమేమో అన్న అనుమానం ఒక్కసారైనా కలిగి ఉంటే ఏం చేయాలో, ఏది ముందు చేయాలో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

ఈ వారమే చేయాల్సిన రెండు పనులు

ఒకటి, వినికిడి పరీక్ష. పాటకు స్పందిస్తున్నాడు కదా అని మాలాగా వదిలేయకండి. కొన్ని స్థాయుల శబ్దాలు వినిపించి, మాటలోని సన్నని ధ్వనులు వినిపించని పిల్లలు ఉంటారు. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గేవాళ్లూ ఉంటారు. చిన్నపిల్లలకు నిద్రలోనే చేసే పరీక్ష ఉంది. శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తోందో తలకు అతికించిన చిన్న తీగలు నమోదు చేస్తాయి, నొప్పేమీ ఉండదు. ఎక్కడికి వెళ్లినా నిపుణులు మొదట అడిగేది ఈ కాగితమే. ముందే చేతిలో ఉంటే ఒక వాయిదా తగ్గుతుంది.

రెండోది, ఒక నోటుపుస్తకం. నా మాట నమ్మండి, మొత్తం ప్రయాణంలో మాకు ఎక్కువగా ఉపయోగపడింది అదే. డాక్టరు మీ బిడ్డను చూసేది కొద్దిసేపు, అదీ కొత్త గదిలో, కొత్త మనుషుల మధ్య. రోజంతా చూసేది మీరు. కానీ ఆ గదిలో కూర్చున్నాక ‘మాట వినడు, మొండి చేస్తాడు’ తప్ప మనకు ఏమీ గుర్తు రాదు. ఆ మాటలతో ఎవరూ ఏమీ తేల్చలేరు. అందుకని కంటికి కనిపించినదే రాయండి. ‘పిలిస్తే పలకడు’ అని కాకుండా, ‘సాయంత్రం ఆరింటికి నాలుగడుగుల దూరం నుంచి పదిసార్లు పిలిచాను, ఒక్కసారి తిరిగాడు, అదీ తాళాల గుత్తి ఆడించినప్పుడు’ అని రాయండి. ‘ఊరికే ఏడుస్తాడు’ అని కాకుండా ఏడుపుకు ముందు ఏం జరిగిందో, ఎంతసేపు ఏడ్చాడో, ఏం చేస్తే ఊరుకున్నాడో రాయండి. తేదీ వేయండి. రెండు వారాలు రాస్తే చాలు, మీకే ఒక రూపం కనిపించడం మొదలవుతుంది.

ఏం గమనించాలి? మొదట పంచుకోవడం. నచ్చిన వస్తువు కనిపిస్తే వేలు పెట్టి మీకు చూపిస్తున్నాడా? ‘అది కావాలి’ అని చూపడం వేరు, ‘అటు చూడు, ఎంత బాగుందో’ అని చూపడం వేరు. ఈ రెండోది సాధారణంగా 18 నెలలకు వచ్చేస్తుంది. మీరు ఏదైనా చూపిస్తే మీ వేలినే చూస్తాడా, అది చూపించే వస్తువును చూస్తాడా? టాటా చెప్పడం, తల ఊపడం లాంటి సైగలు ఉన్నాయా? ఉత్తుత్తి ఆటలు, అంటే బొమ్మను నిద్రపుచ్చడం, ఖాళీ కప్పుతో తాగినట్టు నటించడం, ఆడుతున్నాడా? 16 నెలలకు ఒక్క మాట కూడా లేకపోయినా, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలిపి అనలేకపోయినా అది రాసుకోవాల్సిన విషయమే. విన్న వాక్యాన్ని సందర్భం లేకుండా అలాగే తిరిగి చెప్పడం కూడా రాయండి. మావాడు దాహం వేస్తే ‘నీళ్లు కావాలా?’ అనేవాడు, మేము అడిగే రాగంలోనే.

ఇంకో వైపు, ఒకే పని పదే పదే చేయడం, బొమ్మకారుతో ఆడకుండా దాని చక్రాలను మాత్రమే తిప్పుతూ కంటి దగ్గర పెట్టుకుని చూడడం, వెళ్లే దారి మారితే తట్టుకోలేకపోవడం, కొన్ని శబ్దాలకు చెవులు మూసుకోవడం, దెబ్బ తగిలినా పట్టించుకోకపోవడం. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఆటిజం అని కాదు. చక్రాలు తిప్పని పిల్లలెవరు? ఇవి కలిసి రావడం, రోజువారీ జీవితానికి అడ్డుపడడం నిపుణులు చూసేది.

ఒక్క విషయంలో మాత్రం నోటుపుస్తకం నిండేదాకా ఆగవద్దు. వచ్చిన మాటలు, సైగలు పోతున్నాయా? అమ్మా, బాబాయ్ అన్న బిడ్డ ఆ మాటలు మానేశాడా? ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి రెండో ఏడులో ఇలా జరుగుతుంది. వేరే కారణాలూ ఉండవచ్చు. ఆ వారమే డాక్టరును కలవండి.

రాతతో పాటు ఫోనులో వీడియోలు తీయండి. ఒక్కోటి ఒకటి రెండు నిమిషాలు చాలు: ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు, పేరు పెట్టి పిలిచినప్పుడు, ఏదో కావాలని వచ్చినప్పుడు, ఇతర పిల్లల మధ్య ఉన్నప్పుడు. ‘చెప్పు నాన్నా, చెప్పు’ అని బతిమాలుతూ తీయకండి. ఉన్నది ఉన్నట్టుగా కనిపించాలి. పాత వీడియోలూ వెతకండి. వాడి మొదటి పుట్టినరోజు వీడియో మేము మళ్లీ చూసినప్పుడు, అందరూ పేరు పెట్టి పిలుస్తుంటే వాడు రంగు కాగితం అంచునే చూస్తూ ఉండడం కనిపించింది. ఆ రోజు మేము ఎవ్వరం గమనించలేదు.

పుస్తకంలో చివరి నాలుగు పేజీలు వాడికి ఇష్టమైనవి, వాడు బాగా చేసేవి రాయడానికి ఉంచండి. అవి తర్వాత శిక్షణలో అక్షరాలా పనికొస్తాయి.

డాక్టరు దగ్గర ఏమనాలి

‘మావాడు కొంచెం ఆలస్యం’ అని మొదలుపెట్టకండి. మీరే తగ్గించి చెబితే ఎదుటివారూ తేలికగా తీసుకుంటారు. ‘ఆటిజం ఉందేమోనని అనుమానంగా ఉంది, పూర్తి పరీక్ష చేయించాలనుకుంటున్నాం, ఎవరి దగ్గరికి పంపుతారు?’ అని సూటిగా అడగండి. పుస్తకం తెరిచి రెండు మూడు సంఘటనలు చదవండి.

అప్పటికీ ‘చూద్దాం’ అంటే మర్యాదగానే అడగండి: ‘ఎప్పటిదాకా చూద్దామండీ? ఆ లోపల ఏది రాకపోతే పంపుతారు?’ తేదీ చెప్పించుకుని, వారి ఎదుటే రాసుకోండి. ఆరు వారాలు అంటే సరే. తేదీ చెప్పలేని ‘చూద్దాం’కు అర్థం లేదు, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. అనుభవం ఉన్న నిపుణులు రెండేళ్ల వయసుకే ఆటిజాన్ని నమ్మకంగా నిర్ధారించగలరు, కొందరు పిల్లల్లో ఇంకా ముందే. ‘మూడేళ్లు నిండనివ్వండి’ అనే మాటకు ఇప్పుడు ఆధారం లేదు.

16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ అనే ప్రశ్నావళి ఉంది. 20 ప్రశ్నలు, అవును-కాదు జవాబులు, అనుమానం కలిగించే జవాబుకు ఒక్కో మార్కు. ఇది ఉచితంగా దొరుకుతుంది. ఎప్పుడో ఒకసారి చేసింది కాకుండా మామూలుగా చేసేదే జవాబుగా రాయాలి. ఇక్కడే తల్లిదండ్రులం పొరపడతాం. ఒక్కసారి వేలు చూపించి ఉంటే ఆశతో ‘అవును’ అని గీత పెట్టేస్తాం. నేను అలాగే చేశాను. నా భార్య విడిగా నింపింది, ఆమెకు ఎనిమిది వచ్చింది, నాకు మూడు. రెండు వరకు అయితే ప్రమాదం తక్కువ, మూడు నుంచి ఏడు అయితే నిపుణులు మళ్లీ వివరంగా ప్రశ్నించాలి, ఎనిమిది గానీ ఆపైన గానీ అయితే నేరుగా పూర్తి పరీక్షకు వెళ్లాలి. ఇది జల్లెడ మాత్రమే, నిర్ధారణ కాదు. ఎక్కువ వచ్చినవారందరికీ ఆటిజం ఉండదు, తక్కువ వచ్చినా మీ అనుమానం తీరకపోతే వదిలిపెట్టనక్కరలేదు.

పరీక్ష రోజు

ఆటిజాన్ని నిర్ధారించేవారు పిల్లల ఎదుగుదల నిపుణులు, పిల్లల మానసిక వైద్యులు, పిల్లల నరాల వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టులు. మాటల శిక్షకులు, రోజువారీ పనులు నేర్పించే ఆక్యుపేషనల్ థెరపిస్టులు కూడా కలిసి చూస్తే మరీ మంచిది. ఆటిజం ఉందని చెప్పే రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. మూర్ఛ అనుమానం ఉంటే మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ, కారణం వెతకడానికి జన్యుపరీక్ష అడగవచ్చు, అవి వేరే ప్రశ్నలకు జవాబులు. బిడ్డతో పది నిమిషాలైనా ఆడకుండా, మీతో మాట్లాడకుండా స్కానులు రాసిచ్చి అదే నిర్ధారణ అంటే అక్కడ ఆగిపోండి.

పరీక్షలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి మీతో సుదీర్ఘమైన సంభాషణ: గర్భం నాటి నుంచి నిన్నటి దాకా. మీ పుస్తకం పనికొచ్చేది ఇక్కడే. రెండోది బిడ్డతో ఆట. ఏడాస్ అనే పద్ధతి ఎక్కువగా వాడతారు, దాదాపు ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. కార్స్ లాంటి కొలతలూ ఉన్నాయి. బిడ్డ నిద్ర సమయాన్ని తప్పించి వాయిదా తీసుకోండి. జ్వరంగా ఉంటే మార్చుకోండి.

మా పరీక్ష రోజు సైకాలజిస్టు నేలమీద వాడికి ఎదురుగా కూర్చుని సబ్బు బుడగలు ఊదారు. వాడు కిలకిలా నవ్వాడు, ఎగిరి ఎగిరి పగలగొట్టాడు. తర్వాత ఆవిడ సీసా మూత గట్టిగా బిగించి, వాడి ముందు పెట్టి, ఏమీ అనకుండా కూర్చున్నారు. వాడు సీసా తిప్పి చూశాడు, మూత కొరికి చూశాడు. ఆ తర్వాత ఆవిడ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని తీసుకెళ్లి మూత మీద పెట్టాడు. ఆవిడ ముఖంలోకి ఒక్కసారి కూడా చూడలేదు. ఇంట్లో తలుపు గడియ దగ్గర, కుళాయి దగ్గర మా చేతులతో రోజుకు ఇరవైసార్లు అలాగే చేసేవాడు. ఎంత తెలివిగా పని చేయించుకుంటాడో అని మురిసిపోయేవాళ్లం. తెలివి ఉంది, నిజమే. కానీ ఆ వయసు పిల్లలు మామూలుగా మూతనూ మనిషి కళ్లనూ మార్చి మార్చి చూస్తూ ‘తీయవా’ అని అడుగుతారని, ఆ అడిగే దారి వీడికి ఇంకా దొరకలేదని ఆవిడ చెప్పారు. ఇన్నాళ్లూ కళ్లెదుటే ఉన్నదాన్ని ఆ రోజే నిజంగా చూశాను.

ఆ గదిలో మీరు ‘ఇంట్లో బాగా చేస్తాడండీ’ అని అడ్డు తగలకండి, వెనక నుంచి జవాబులు అందించకండి. ఇంటి తీరుకూ అక్కడి తీరుకూ తేడా ఉంటే ఆట అయ్యాక చెప్పండి, వీడియో చూపించండి.

చివర్లో లిఖితపూర్వక నివేదిక అడగండి. ఏ పద్ధతులు వాడారు, ఏం కనిపించింది, బిడ్డ బలాలేమిటి, ఏ సహాయం, వారానికి ఎంత, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నవి అందులో ఉండాలి. ‘ఆటిస్టిక్ లక్షణాలు ఉన్నాయి’ అని మాత్రమే రాసిన చీటీతో బడిలోగానీ ప్రభుత్వ సహాయం విషయంలోగానీ పని జరగదు. 2013లో వచ్చిన, మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం ప్రకారం మూడు స్థాయులు రాస్తారు. అవి ఎంత సహాయం అవసరమో చెప్పేవి, తెలివితేటల కొలత కావు, వయసుతో మారవచ్చు కూడా. ఒకప్పుడు ఆటిజంలాంటి ఒక స్థితికి వాడిన అస్పర్జర్ అనే పేరును విడిగా రాసే పద్ధతి అందులో లేదు, అన్నీ ఒకే ఆటిజం వర్ణపటం కిందికి వచ్చాయి. ఆటిజం కాదని చెబితే, ‘మరి ఈ ఇబ్బందికి కారణమేమిటి, దానికేం చేయాలి?’ అని అడగకుండా లేచి రాకండి. భాష మాత్రమే ఆలస్యం కావచ్చు, ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే ఏడీహెచ్‌డీ కావచ్చు. ఆటిజం, ఏడీహెచ్‌డీ కలిసి ఉండడమూ సాధారణమే.

ఎవరి తప్పూ కాదు

నివేదిక ఇంటికి వచ్చిన రాత్రి నుంచి నా భార్య మీద నిందలు మొదలయ్యాయి. ఉద్యోగానికి వెళ్లడం వల్లట, ఫోను చూపించడం వల్లట, గర్భంతో ఉన్నప్పుడు దిగులు పడడం వల్లట. ఆమె ఎదురు చెప్పలేదు, నేనూ మొదటి రోజు మాట్లాడలేదు. అది నేను చేసిన తప్పు. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజాన్ని వివరంగా రాసిన తర్వాత కొన్ని దశాబ్దాల పాటు వైద్యులే తల్లుల ప్రేమ చాలకపోవడాన్ని కారణంగా చూపారు. ఎన్ని ఇళ్లు అలా కుమిలిపోయాయో. 1964లో సైకాలజిస్టు బెర్నార్డ్ రిమ్లాండ్, తానూ ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రే, అది మెదడు ఎదుగుదలకు సంబంధించినదని పుస్తకం రాసి ఆ వాదాన్ని దెబ్బతీశారు. జన్యువుల పాత్ర చాలా పెద్దదని ఆ తర్వాత కవలల మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. టీకాల వల్ల అనే మాట 1998లో ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం నుంచి పుట్టింది, 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. లక్షల మంది పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో ఏ సంబంధమూ కనిపించలేదు. ఇంట్లో పెద్దలకు ఈ మాటలు బిడ్డ తల్లి చెప్పాల్సి రాకూడదు. తండ్రులారా, మీరు చెప్పండి.

కాగితం కోసం ఆగకుండా

పూర్తి పరీక్షకు వాయిదా నెలల తర్వాత దొరకవచ్చు. మాటల శిక్షణకూ, ఆక్యుపేషనల్ థెరపీకీ ఆ నిర్ధారణ అవసరం లేదు. మాటలు ఆలస్యమైన బిడ్డకు ఆటిజం ఉన్నా లేకున్నా మాటల శిక్షణ మేలే చేస్తుంది. వాయిదా రాసుకున్న రోజే ఇదీ మొదలుపెట్టండి.

శిక్షకులను ఎంచుకునేటప్పుడు నేను ఒకటే మొదట అడుగుతాను: ‘నేను లోపల కూర్చోవచ్చా?’ మేము మొదట చేర్చిన చోట తలుపు మూసేవారు. రెండు నెలల తర్వాత ఒకరోజు కిటికీలోంచి చూస్తే, కళ్లలోకి చూడమని గడ్డం పట్టుకుని బలవంతంగా ముఖం ఎత్తుతున్నారు. వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆ రోజే మాన్పించాం. కళ్లలోకి చూడడం కొందరు ఆటిస్టిక్ పిల్లలకు నిజంగా బాధ కలిగిస్తుంది. చేతులు ఊపుకోవడం వాళ్లను నెమ్మదింపజేస్తుంది. ఎవరికీ హాని లేని అలవాటును మాన్పించడమే లక్ష్యంగా పెట్టుకున్న చోట నా బిడ్డకు పనిలేదు. ‘దాహం వేస్తే అడగగలగాలి’, ‘చొక్కా తానే వేసుకోవాలి’ లాంటివి లక్ష్యాలు. ఇంట్లో ఏం చేయాలో మీకు నేర్పించేవారే మంచి శిక్షకులు. కుటుంబ సభ్యులకు నేర్పించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒక శిక్షణ కార్యక్రమం తయారుచేసింది.

ఇంట్లో మేము నేర్చుకున్నది చెబుతాను. వాడి కళ్ల ఎత్తుకు దిగి నేలమీద కూర్చోవాలి. వాడు చేస్తున్నదాన్నే మనమూ చేయాలి. చక్రం తిప్పుతుంటే ఇంకో చక్రం తెచ్చుకుని పక్కనే తిప్పాలి. ‘తిరుగుతోంది’ అని ఒక్క మాట అని ఆగాలి. ఆగడమే కష్టం. మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు మెదపకూడదు. నాలుగో వారంలో వాడు తన చక్రం ఆపి నా చక్రం వైపు చూశాడు, తర్వాత నా వైపు. నోటుపుస్తకంలో ఆ పేజీ మీద తేదీ కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

బొమ్మలు చూపించి అడగడం నేర్పితే మాటలు రావేమోనని భయపడకండి. బొమ్మల కార్డులు, మాట్లాడే యాప్‌లు మాటను ఆపవు, చాలామందిలో సాయపడతాయి. రెండు భాషలున్న ఇంట్లో ఒకదాన్ని మానేయనక్కరలేదు. మీ నోటికి సహజంగా వచ్చే భాషలోనే ముద్దు చేయండి. రోజు ఎలా గడుస్తుందో గోడమీద బొమ్మల వరుసగా అంటించండి. ఇంటి నుంచి కదలడానికి ఐదు నిమిషాల ముందు చెప్పండి.

నడవడిక హఠాత్తుగా మారితే మొండితనం అనుకునే ముందు ఒళ్లు చూడండి. మావాడు ఒక వారం తల గోడకేసి కొట్టుకుంటే శిక్షణ పెంచాలేమో అనుకున్నాం, తీరా చూస్తే చెవిలో చీము. పంటినొప్పి, మలబద్ధకం, నిద్రలేమి, మూర్ఛ, అన్నీ ఇలాగే బయటపడవచ్చు. వాడు చెప్పలేడు కదా.

ఆటిజాన్ని తీసేసే మందు లేదు. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ అనేవి తీవ్రమైన చిరాకు, తనను తాను గాయపరచుకోవడం ఉన్నప్పుడు వైద్యుల పర్యవేక్షణలో వాడేవి. ‘పూర్తిగా నయం చేస్తాం’ అనేవారికి దూరంగా ఉండండి. ఒంట్లోంచి లోహాలు తీసేస్తామనే కిలేషన్ చికిత్స చేస్తుండగా 2005లో అమెరికాలో ఐదేళ్ల బాలుడు చనిపోయాడు. బ్లీచింగు ద్రావణాలు తాగించేవారు, మూలకణాలు ఎక్కించేవారు, ఆక్సిజన్ గదుల్లో కూర్చోబెట్టేవారు ఉన్నారు. అలసిపోయిన తల్లిదండ్రుల ఆశే వీళ్ల పెట్టుబడి.

మీ బిడ్డకు చెప్పకుండా బయటికి వెళ్లిపోయే అలవాటు ఉంటే తలుపుకు పైన గడియ, చేతికి ఫోను నంబరు ఉన్న పట్టీ ఈ రోజే పెట్టండి. చాలామంది నీటివైపు వెళతారు. ఇంటి చుట్టుపక్కల నీరు ఎక్కడుందో తెలుసుకుని ఉంచుకోండి, వీలైనంత త్వరగా ఈత నేర్పించండి.

పెద్ద పిల్లలు, ఆడపిల్లలు

ఆలస్యమైపోయిందని ఎవరూ ఆగిపోవద్దు. మా అక్క కూతురికి పదకొండేళ్లకు తెలిసింది. మాటలు సమయానికే వచ్చాయి, మార్కులు బాగా వచ్చేవి. బడిలో రోజంతా పక్కపిల్లలను చూసి వాళ్లలా నవ్వేది, వాళ్లలా నిలబడేది. ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా మంచం కింద దూరి గంటసేపు ఉండేది. చాలామంది ఆడపిల్లలు ఇలా దాచుకోగలుగుతారు, అందుకే ఆలస్యంగా తెలుస్తుంది. బడిలో ఏ ఇబ్బందీ లేదని టీచరు చెప్పినా, ఇంట్లో కనిపించేదాన్ని రాసుకెళ్లండి. ఈ వయసు పిల్లలను అడిగి వాళ్ల మాటల్లోనే రాయండి.

నివేదిక వచ్చాక ఆ పిల్లకు కూడా చదవడానికి ఇచ్చారు. పెన్సిల్‌తో ఒక వాక్యం కింద గీత గీసింది. ‘స్నేహితుల పట్ల ఆసక్తి తక్కువ’ అని ఉందక్కడ. పక్కన ‘ఇది తప్పు. నాకు ఇద్దరు చాలు, ఒకేసారి ఎక్కువ మంది వద్దు’ అని రాసింది. మా అక్క ఆ కాగితాన్నే తీసుకెళ్లి సైకాలజిస్టుకు చూపించింది. ఆవిడ చదివి, ఆ వాక్యాన్ని మార్చి, కొత్త ప్రతి మీద సంతకం చేసి ఇచ్చారు.